ఐదు వేపాకుల భవనం

లోకంలో ఏ ఇల్లయినా పాడయ్యేది అందులో మనుషులు ఉండటం వల్లనే. ఈ సత్యాన్ని మొట్టమొదట కాగితం మీద నిరూపించిన ఘనత అహమ్మదాబాదు శీతల గృహ మండలికి దక్కింది.

మూతపడ్డ బట్టల మిల్లు పక్కనున్న చాలీని, అంటే కూలీల గదుల వరసని, పడగొట్టి, అందులోని తొంభై ఆరు కుటుంబాల కోసం మండలి ఐదంతస్తుల భవనం కట్టింది. బోలు ఇటుకల గోడలు, తెల్ల సున్నం పూసిన మిద్దె, ఎదురెదురు కిటికీలు. బయట నలభై ఐదు డిగ్రీలుంటే లోపల ముప్పై దాటదు. కరెంటు ఎంత తక్కువ కాలితే అన్ని ఎక్కువ వేపాకులు ఇచ్చే పద్ధతిలో దానికి ఐదుకు ఐదూ వచ్చాయి. (ఆరో ఆకు వేపచెట్టుకు మాత్రమే ఇస్తారట.)

మూడో అంతస్తులో ఒక ఇల్లు జశీబెన్‌ది. ఆ సంగతి రాసి ఉన్న ఉత్తరం ఆమె దగ్గర రెండేళ్ళుగా ఉంది. ఆ రెండేళ్ళూ ఆమె, భర్త, ఇద్దరు కొడుకులు, అందరూ బా అని పిలిచే ముసలి అత్తగారు రోడ్డుకు ఇవతల రేకుల షెడ్డులో ఉంటున్నారు. కిందటి వైశాఖంలో ఆ రేకుల కింద బా రెండుసార్లు స్పృహ తప్పింది. ఎండలు ముదిరేలోగా ఇంటి తాళం ఇప్పించమని తప్ప జశీబెన్ తాను కొలిచే ఠాకోర్జీని ఇంకేమీ అడగడం లేదు. అడిగినంత మాత్రాన దేవుడు ఆఫీసుకు వెళ్ళడు కాబట్టి తానే వెళ్ళింది.

తాప నిర్ణయాధికారి ధోళకియా మర్యాదస్తుడు. ముందు మంచినీళ్ళు ఇప్పించాడు.

"తాళం ఇవ్వడానికి నాకేం అభ్యంతరం లేదు బెన్. కానీ వేపాకులు మూడేళ్ళు నిలబడాలి. రెండేళ్ళు నిలబడ్డాయి."

"లోపల ఎవరూ లేరు కదా సాహెబ్."

"అందుకే నిలబడ్డాయి."

మనిషి ఒంట్లోంచి వచ్చే వేడి వంద వాట్ల బల్బుతో సమానమని ఆయన ఓపిగ్గా వివరించాడు. జశీబెన్ కుటుంబం అంటే ఐదు బల్బులు, రేయింబవళ్ళు ఆర్పడానికి వీల్లేనివి.

"మా బాని పాతికకు వేసుకోండి సాహెబ్. పూటకు సగం రొట్లా కూడా తినదు."

"వృద్ధులకు సగం రాయితీ ఉంది. యాభై వేస్తాను."

ఆ తర్వాత గృహ తాప ప్రకటన నాలుగు ప్రతుల్లో నింపాల్సి వచ్చింది. రోజుకు ఎన్ని రొట్లాలు కాలుస్తారు, దంపతులు ఎన్ని నిమిషాలు పోట్లాడుకుంటారు (పావుగంట దాటితే పొయ్యి కింద లెక్క), పూజలో ఎన్ని దీపాలు. ఆ గడి దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఠాకోర్జీ దీపం కూడానా అని అడిగింది.

"దేవుడికి మినహాయింపు ఉంది బెన్. దీపానికే లేదు."

మనిషి ఒంట్లో వేడి పెట్టినవాడు ఏదో ఆలోచించే పెట్టి ఉంటాడు కదా అని దారి పొడుగునా జశీబెన్‌కు అనిపిస్తూనే ఉంది. పెద్ద చదువులు చదివినవాళ్ళను అలాంటివి అడగకూడదని ఊరుకుంది.

ఊరుకోనివాళ్ళు గేటు ముందు కూర్చున్నారు. మూడు రోజులకు మండలి కరిగింది. భవనం చుట్టుపక్కల వాళ్ళకు ఉపయోగపడాలని ప్రణాళికలోనే రాసి ఉందట. ఇంటివాళ్ళు ఇంటి బయటే ఉంటున్నారు కాబట్టి వాళ్ళే చుట్టుపక్కల వాళ్ళని తేల్చి, భవనం నీడను తొంభై ఆరు వాటాలు చేసి పంచింది. ఎవరి ఇంటి నీడ వాళ్ళకు. కింది అంతస్తుల నీడ గోడవార హాయిగా పడింది. మూడో అంతస్తు నీడ నాలుగింటి నుంచి ఐదున్నర దాకా సరిగ్గా రోడ్డు మధ్యలో పడింది. బస్సు వచ్చినప్పుడల్లా జశీబెన్, భర్త చెరో వైపు పట్టుకుని బా మంచాన్ని పక్కకు జరిపేవారు. బస్సు వెళ్ళాక మళ్ళీ నీడలోకి లాక్కునేవారు. (వేరేవాళ్ళ నీడలో మంచం ఆపితే జరిమానా.)

ఢిల్లీ నుంచి చూడటానికి వచ్చిన పెద్దలు, ఇల్లు ఎలా ఉందమ్మా అని అడిగారు. జశీబెన్ అబద్ధం ఆడదు. చల్లగా ఉంది అంది. వాళ్ళు రాసుకున్నారు.

జ్యేష్ఠంలో బా మూడోసారి పడిపోయింది. ముఖాన నీళ్ళు చల్లి, మజ్జిగ తాగించి పడుకోబెట్టిన కాసేపటికి ధోళకియా తనిఖీకి వచ్చాడు. బా ఆయన్ని దగ్గరికి పిలిచింది.

"నాయనా, నేను పోయాక నా ఒంట్లో వేడి ఉండదు కదా. అప్పుడైనా ఒకసారి లోపలికి తీసుకెళ్ళనిస్తావా?"

"అవేం మాటలు బా," అంది జశీబెన్, కొంగుతో విసురుతూ.

ధోళకియా ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. మంచం అంచున కూర్చుని, సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి, మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చూశాడు. పుస్తకం మూసి, ముసలామె పాదాలకు దణ్ణం పెట్టి, నిజమైన బాధతో చెప్పాడు.

"మీ వరకు ఏ ఇబ్బందీ లేదు బా. మోసుకొచ్చేవాళ్ళు నలుగురుంటారు కదా, వాళ్ళతోనే."