ఆగయ్య ఆట క్లోజ్

ఆ సోమవారం పొద్దున ఆగయ్య మొహం కడుక్కుంటూనే పథకం వేసుకున్నాడు. బస్ డిపోలో డ్యూటీకి వెళ్లే దారిలో తెలిసినవాళ్లందరికీ ఒకటే మాట చెప్పాలి: తాను మట్కా మానేశాడు. బహదూర్‌పురాలో ఆగయ్య మట్కా ఆడతాడని తెలియనివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు కొత్తగా అద్దెకు దిగినవాళ్లై ఉండాలి. మానేశాడన్న సంగతి కూడా అంతే బాగా తెలియాలని అతని పట్టుదల.

కారణం గుమ్మం పక్కనే ఉంది. అతని భార్య రాజమణి తన కుట్టుమిషన్‌ని పాత చీరలో మూటగట్టి అక్కడ పెట్టింది. ఇంట్లో ఇత్తడి గుండిగ మట్కాకే పోయింది, గోడ గడియారమూ పోయింది. గల్లీలో ఆడవాళ్ల జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతున్న ఈ మిషన్ ఒక్కటే మిగిలింది.

"ఇంకొక్కసారి ఆడినవని తెలిస్తె పిల్లల్ని, మిషన్‌ని తీస్కొని కార్వాన్ల మా తల్లిగారింటికి పోత. మల్ల రాను" అని ముందురోజు చెప్పింది. అరవలేదు. ఆమె అరవకపోవడమే ఆగయ్యను హడలగొట్టింది.

నలుగురికీ చెప్పాలన్న ఉపాయం మాత్రం పై వాటాలో ఉండే గోపాలకృష్ణమూర్తిది. గుడివాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసు గుమాస్తా. మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్న ఆగయ్య దగ్గర తనూ చతికిలబడ్డాడు.

"మనసులో అనుకుంటే లాభం లేదయ్యా. నలుగురికీ చెప్పెయ్యి. ఆడాలనిపించినప్పుడు అదీ దాచుకోకుండా చెప్పు. మా అన్నయ్య పేకాట మానేద్దామని ఎన్నిసార్లు అనుకున్నాడో! అన్నీ మనసులోనే. మాలో ఒక్కడికి చెప్పినా పట్టుకుని ఆపేవాళ్లం. ఇల్లు పోయింది, తరవాత వాడూ..." అని ఆగిపోయాడు. ఆగయ్య ఆ క్షణమే నిర్ణయం చేసుకున్నాడు.

మట్కా అంటే తెలియని అదృష్టవంతుల కోసం ఒక మాట. రోజూ సాయంత్రం బొంబాయి నుంచి ఫోన్లో రెండు అంకెలు వస్తాయి. మొదటిది ఓపెన్, రెండోది క్లోజ్. సున్నా నుంచి తొమ్మిది దాకా ఉన్న అంకెల్లో వచ్చేదేదో ముందే చెప్పగలిగినవాడికి డబ్బు, చెప్పలేనివాడికి మర్నాటి మీద ఆశ. ఆ అంకె కోసం జనం కలల్లో వెతుకుతారు, బస్సుల వెనక వెతుకుతారు, పిచ్చివాళ్ల వెంటపడి వాళ్ల గొణుగుడులో వెతుకుతారు.

ఆగయ్య మొదట చాయ్ హోటల్లోకి వెళ్లాడు. మూల బల్ల దగ్గర మట్కా చీటీలు రాసే సీతారాం అప్పటికే పెన్సిలు చెక్కుకుంటున్నాడు. ఆగయ్య వాకిట్లోనే నిలబడి, గొంతు సవరించుకుని, అందరికీ వినిపించేలా అన్నాడు.

"అందరు ఇనుండ్రి! ఇయ్యాల్టి సంది నా ఆట క్లోజ్!"

బొగ్గుల దుకాణం శివయ్య సాసర్ కింద పెట్టాడు. "క్లోజా? క్లోజ్ ఎంతన్నా?"

"ఎంతేంది శివయ్యా? సున్నా! ఇన్నేండ్లు ఆడితె ఏం మిగిలింది? సున్నా! ఖతం!"

"శాబాష్ ఆగయ్యా!" అన్నాడు గల్లా మీద కూర్చున్న భాయ్. ఆగయ్యకు గుండె తేలికైంది. మళ్లీ వెనక్కి చూడకుండా డిపోకు వెళ్లిపోయాడు. వెనక్కి చూసి ఉంటే సీతారాం బల్ల ముందు కట్టిన వరస కనిపించేది.

ఆ సాయంత్రం క్లోజ్ సున్నా వచ్చింది.

మంగళవారం పొద్దున ఆగయ్య తలుపు తీసేసరికి అరుగు నిండా జనం. అందరికంటే ముందు శివయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, సున్నా మస్తు తగిలింది. ఇయ్యాల్టిది చెప్పు."

"నేను నంబర్ ఎక్కడ చెప్పిన? ఆడుడు బంద్ జేసిన అని చెప్పిన!"

"గట్లనే చెప్పన్నా. సీదగ చెప్తె నీ శక్తి పోతది, మాకెరుకే."

"శక్తి లేదు, ఏం లేదు! పొద్దుగాల లేస్తె నంబర్ నంబర్ అని ఎందుకు ఏడుస్తరు? పోండ్రి ఇక్కడికెళ్లి!"

శివయ్య మొహం వెలిగిపోయింది. "ఎందుకు ఏడు... ఏడు! ఏడన్నడు!" మరుక్షణం అరుగు ఖాళీ అయింది. ఏడుపులోంచి ఏడును లాగగలిగిన జనంతో ఏం మాట్లాడాలో ఆగయ్యకు తోచలేదు. అందుకని డిపోలో రోజంతా నోరు మూసుకున్నాడు. స్పానర్ ఏ సైజుదని మేస్త్రీ అడిగితే తల గోక్కున్నాడు. ఎన్నిసార్లు గోక్కున్నాడో పక్కవాడు లెక్కపెట్టుకున్నాడు.

సాయంత్రం క్లోజ్ ఏడు.

అతను ఇల్లు చేరకముందే శివయ్య లడ్డూల పొట్లంతో వచ్చి రాజమణి చేతిలో పెట్టాడు. "వదినా, ఆగయ్యన్న ఏడు తగిలింది! నోరు తీపి చేస్కోండ్రి." రాజమణి పొట్లం విప్పలేదు. మొగుడు మళ్లీ ఆడాడని, ఈసారి గెలిచాడని ఆమెకు అర్థమైంది. గెలిచినవాడు మానడని ఆమెకు తెలుసు. అతనికి వండి పెట్టి, పిల్లల బట్టలు సర్దింది.

నిజానికి ఆగయ్యకు జనం కంటే తన చెయ్యంటేనే ఎక్కువ భయం పట్టుకుంది. ఏడు తన నోట్లోంచే వచ్చింది. గల్లీ అంతా తిన్నది, తనకు మాత్రం ఒక్క మెతుకు దక్కలేదు. ఒక్క చీటీ, ఒకే ఒక్కటి రాయించి ఉంటే గుండిగా వచ్చేది, గడియారమూ వచ్చేది. ఈ లెక్క తల నిండా తిరుగుతూనే ఉంది.

బుధవారం పొద్దున బయట జనం దండలతో వచ్చారు. కార్వాన్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. "ఆగయ్య బాపుకీ జై!" అన్న కేక విని ఆగయ్య ఉలిక్కిపడి బయటికి వచ్చాడు. జనం మధ్య రిక్షా ఆగి ఉంది. అందులో మిషన్ మూట, దాని పక్కన పిల్లలు. రాజమణి ఒక కాలు రిక్షా మీద పెట్టేసింది.

ఆగయ్య దండలు తోసుకుంటూ పరుగెత్తి రిక్షా పట్టుకున్నాడు. "రాజమణీ, నేను ఆడలేదు!"

"ఆడకుంటె లోకమంత నిన్నెందుకు మొక్కుతుంది?"

"నేనేమన్నా గీళ్లు నంబరే అంటున్నరు. పిల్లల మీద ఒట్టు, ఆడలేదు." పై వాటా మనిషి చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇంత జనంలో ఆ మాట అనడం కంటే దండ వేయించుకోవడమే సులువు. అయినా అన్నాడు. "కానీ ఆడాలని మస్తు అనిపిస్తుంది. నిన్నటి సంది చెయ్యి గుంజుతుంది. నా ఒక్కనితోని కాదు. నన్ను ఒక్కణ్ణి ఇడిసిపెట్టకు."

రాజమణి అతని మొహంలోకి చూసింది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అతని నోట ఎన్నో ఒట్లు విన్నది. ఆడాలనిపిస్తోందన్న నిజం వినడం ఇదే మొదలు. కళ్లు తుడుచుకుని కాలు కిందికి దించింది.

"మిషన్ దించు" అంది. తరవాత జనం వైపు తిరిగి కొంగు బిగించింది. ఈసారి మాత్రం అరిచింది. "మల్ల నా ఇంటి ముంగట లొల్లి పెట్టిండ్రంటె, బిడ్డా, మీకు మూడింది!"

అందరూ నోళ్లు మూశారు. ఆ నిశ్శబ్దంలో శివయ్య భక్తిగా గొణిగాడు. "మూడు."

ఆ రోజు గల్లీలో మూడు మీద పెట్టనివాడు లేడు. అమ్మవారే స్వయంగా పలికిందని చెప్పుకున్నారు. సీతారాం పెన్సిలు అరిగిపోయి ఇంకొకటి తెప్పించుకున్నాడు.

అంకె వచ్చే వేళకు ఆగయ్యకు కాళ్లు నిలవలేదు. రాజమణి అతన్ని మిషన్ దగ్గర కూలేసి జాకెట్ల కట్ట ముందు పడేసింది. "గుండీలు కుట్టు. లేసినవంటె సూది నీకే గుచ్చుత." గోపాలకృష్ణమూర్తి కుర్చీ తెచ్చుకుని గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాడు. "చెప్పవయ్యా, ఇప్పుడెలా ఉంది?"

"ఉరుకాలనిపిస్తుంది సారూ."

"ఉరకాలనిపించనీ. కుట్టు."

ఆగయ్య పళ్లు బిగించి కుట్టాడు. వేలికి సూది గుచ్చుకుంది, నెత్తురు వచ్చింది, చీకి మళ్లీ కుట్టాడు. వీధిలో కేక వినిపించింది. కుర్చీ కదల్లేదు, అతనూ కదల్లేదు.

క్లోజ్ తొమ్మిది.

పావుగంటలో జనం విరుచుకుపడ్డారు. "ఏందన్నా గిది? అమ్మవారిని ఇంట్ల పెట్టుకొని తప్పు నంబర్ చెప్పిస్తవా?" అన్నాడు శివయ్య ఏడుపు గొంతుతో. ఆగయ్య జాకెట్ చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. అతనికి కోపం రాలేదు. తన మొహమే వాళ్లందరికీ తగిలించినట్టు కనిపించింది.

"శివయ్యా, ఇన్నేండ్లు నేను రోజు గిట్లనే ఇంటికొచ్చిన. ఇయ్యాల ఒక్కరోజు మీ తోని కల్వలేదు, గంతే. బంద్ జెయ్యాల్నని ఎవనికన్న ఉంటె రేపటి సంది గీ టైంకి ఇక్కడికొచ్చి కూసోండ్రి. నంబర్ ఉండదు. గుండీలుంటయ్."

గుండీల మాట వినగానే జనం తిట్టుకుంటూ కరిగిపోయారు. ఒక్క మనిషి మాత్రం గోడకు ఆనుకుని మిగిలిపోయాడు. చూస్తే సీతారాం.

"నువ్వేందన్నా? నువ్వు రాసెటోనివి!" అన్నాడు ఆగయ్య తెల్లబోయి.

"రాసుకుంట ఆడెటోణ్ణి" అన్నాడు సీతారాం తల ఎత్తకుండా. "అందరు అయిదు నిమిషాలు ఆడి పోతరు. నేను పొద్దంత దాంట్లనే ఉంట. ఇయ్యాల మా ఆమె గాజులు గూడ మూడు మీద పెట్టిన. ఎవరికి చెప్పాల్నో సమజైత లేదు."

గోపాలకృష్ణమూర్తి లేచి తన కుర్చీ అతని ముందుకు జరిపాడు. రాజమణి అతని చేతిలో సూదీ దారం పెట్టింది. ఆగయ్య పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించడం చూపించాడు.

మర్నాటి నుంచి సీతారాం చీటీలు రాయడం మానేశాడు. గల్లీలో ఎవరు మట్కా ఆడాలన్నా ఉస్మాన్‌గంజ్ దాకా నడవాల్సి వచ్చింది. అంత పట్టుదల ఉన్నవాడు ఆ గల్లీలో ఆగయ్య ఒక్కడే; అతనేమో గుండీలు కుడుతున్నాడు.