ముందు ఫోటో, ఆ తర్వాతే ముద్ద

నగరం చూడటానికి బయల్దేరే ముందు మా ఇంట్లో అనుకున్న పనులు ఇవి: మ్యూజియం చూడాలి. గడియారం బురుజు ఎక్కాలి. చెరువులో పడవ షికారు చేయాలి. బావ చెప్పిన, గుండ్రంగా తిరిగే హోటల్లో ఒక్కసారైనా కూర్చోవాలి. నాన్న మోకాళ్ల నూనె మర్చిపోకూడదు. రైలు టిక్కెట్లు కాగితం మీద ప్రింటు తీయించాలి. అమ్మ ఒక పూట వేడిగా తినాలి.

ఇందులో ప్రింటు పని నాది. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కిన మొదటిదాన్ని నేనే కాబట్టి, కాగితమన్నది ఎక్కడ కనబడినా దాన్ని నా చేతిలో పెడతారు.

చివరిది అమ్మ కోరిక. "నీకేం చూడాలనుందమ్మా?" అని అక్క అడిగితే, బియ్యంలో రాళ్లు ఏరుతూ కాసేపు ఆలోచించి చెప్పింది. "చూడ్డానికేముందే. ఒక్క పూట, నేను వండంది, ఎవరో తెచ్చి ముందు పెడితే, పొగలు కక్కుతుండగా కూర్చుని తినాలి."

మేమందరం నవ్వాం. ఇంతేనా అన్నాం. మా అమ్మ ఒక హాస్టల్లో వంట చేస్తుంది. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, గిన్నె అడుగున గరిటెకి అందనిది ఏదైతే ఉందో అది ఆమె భోజనం. ఇంటికొచ్చాక కూడా ఇదే పద్ధతి. ఏళ్ల తరబడి మా అమ్మ నోటికి వేడి తగిలిందంటే అది ఉప్పు చూసినప్పుడే.

ఇక అసలు విషయానికి వస్తాను. పాఠకులారా, తినేముందు ఫోటో తీయడం అనేది మనిషికి దొరికిన వరాల్లోకెల్లా గొప్ప వరం! దీన్ని తిట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లు మా బావతో ఒక్క పూటైనా భోంచేసి ఉండరు.

మా బావ కిటికీలకి అద్దాలు బిగించే పని చేస్తాడు. అందుకని వెలుతురు విషయంలో రాజీ పడడు. మనం హోటల్లోకి వెళితే ఖాళీ బల్ల ఎక్కడుందా అని చూస్తాం. బావ సూర్యుడు ఎక్కడున్నాడా అని చూస్తాడు. మొదటి రోజు మేము బల్ల మార్చాం, ఆ బల్ల నుంచి ఇంకో బల్లకి మారాం, చివరికి మొదటి బల్లకే వచ్చాం. ఆకలి రెట్టింపైంది! ఆకలి పెరగడానికి జనం మందులు కొనుక్కుంటున్న ఈ రోజుల్లో ఇది ఎంత మేలో ఆలోచించండి.

సూపు వచ్చింది. దాని మీద ఆవిరి సుడులు తిరుగుతోంది. అమ్మ చెంచా అందుకుంది.

"అత్తయ్యా, ఆగండాగండి," అన్నాడు బావ.

చెంచా దిగింది. బావ కుర్చీ ఎక్కాడు. పైనుంచి చూస్తే నాన్న బట్టతల ఫ్రేములోకి వస్తోందట, కాస్త వెనక్కి వంగమన్నాడు. నాన్న వంగాడు. నీళ్ల గ్లాసు తీసేశారు. పక్క బల్ల మీది పూలకుండీ అరువు తెచ్చారు. తీరా చూస్తే బావ చెయ్యి వణికి ఫోటో అలుక్కుపోయింది. అక్క తీస్తే అక్కదీ వణికింది. నాది సరే సరి.

అప్పుడు బయటపడింది, మా వంశంలో వణకని చెయ్యి ఒక్క అమ్మదేనని! హాస్టల్లో నిండు గిన్నెలు దించి, బారులు తీరిన కంచాల్లో చుక్క ఒలక్కుండా వడ్డించిన చెయ్యి అది. ఫోను పట్టుకుంటే గోడకి మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. "అత్తయ్యా, ఇన్నాళ్లూ మీ టాలెంటు వంటింట్లో వేస్టయిపోయింది," అన్నాడు బావ. ఆ క్షణం నుంచి కెమెరా అమ్మది. చూశారా! ఎవరికీ తెలియకుండా మరుగున పడి ఉన్న ఒక స్త్రీకి ఫోటో వల్ల గుర్తింపు వచ్చింది. ఇది వరం కాదా?

ఇంతలో సూపు మీద ఆవిరి పోయింది. ఆవిరి లేని సూపు ఫోటోకి పనికిరాదు. బావ వెయిటర్ని పిలిచి వేడి చేయించాడు. మళ్లీ ఆవిరి వచ్చింది, అమ్మ వీడియో తీసింది, మళ్లీ ఆవిరి పోయింది. ఆ వెయిటరు అనుభవం ఉన్న మనిషి. ఇంకోసారి వేడి చేయమంటారా అని నేరుగా అమ్మనే అడిగాడు. అమ్మ వద్దంది. "లోపల వంట చేసేవాళ్లకి కూడా ఓపికుండాలిగా బాబూ," అంది.

నాన్న అంతసేపూ చేతులు ఒళ్లో పెట్టుకుని, బడిలో కొత్తగా చేరిన పిల్లాడిలా కూర్చున్నాడు. "ఇక తినొచ్చా?" అని అడిగాడు. మా ప్రయాణం మొత్తంలో నాన్న మాట్లాడిన మాటల్లో సగం ఈ రెండే.

తిన్నాం. చల్లగా, సాఫీగా, ఎవరి నోరూ కాలకుండా! ఇక్కడ నేనొక సామాజిక సత్యాన్ని మీ ముందుంచుతున్నాను. పూర్వం మా ఇంట్లో అందరూ వేడిగా తింటే అమ్మ ఒక్కతే చల్లగా తినేది. ఎంత అన్యాయం! ఫోటో పుణ్యమా అని ఇప్పుడు అందరం కలిసి చల్లగా తింటున్నాం. సమానత్వం కోసం జనం ఊరేగింపులు తీస్తారు, ఉపన్యాసాలిస్తారు. మా బావ ఒక్క ఫోనుతో సాధించాడు!

ఇక చూసిన వింతల సంగతి. గడియారం బురుజు చాలా గొప్ప కట్టడం అంటారు. అంటారు అని ఎందుకు రాస్తున్నానంటే, మేము దానికి వీపు పెట్టి నిలబడ్డాం. మ్యూజియంలో రాజుగారి సింహాసనానికి వీపు పెట్టాం. అరుదైన పక్షుల బొమ్మలకి వీపు పెట్టాం. కిందటి తరం వాళ్లు వింతలు చూడటానికి వెళ్లేవాళ్లు. మేము మా వీపులు చూపించడానికి వెళ్లాం! "ఆ సింహాసనానికి కాళ్లు ఎన్నే?" అని నాన్న నన్ను అడిగితే, ఇంటికెళ్లాక ఫోటోలో లెక్కపెట్టుకుందాం నాన్నా అని ధైర్యం చెప్పాను. తీరా ఫోటోలో కాళ్లున్న చోట అక్క నిలబడింది.

వాటన్నిటినీ ఎదురుగా నిలబడి చూసిన మనిషి ఒక్కతే, అమ్మ. అదైనా ఫోనులోంచి, మేము అడ్డులేని సందుల్లోంచి.

తిరిగే హోటల్లో ఇంకా బాగా జరిగింది. నూడుల్స్ వచ్చాయి. నూడుల్స్‌ని కంచంలో ఉండగా తీస్తే జీవం ఉండదట. ఫోర్కుతో ఎత్తి పట్టుకోవాలట. అక్క ఎత్తి పట్టుకుంది. హోటలు తిరుగుతోంది కాబట్టి వెలుతురు ఒకచోట ఉండదు. వెలుతురు మా దగ్గరికి మళ్లీ వచ్చేదాకా అక్క ఫోర్కు దించలేదు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి ఆమె చూపించిన పట్టుదలకి నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇలాంటి తపస్సు ఏ యోగా క్లాసులో నేర్పుతారు? చివరికి నూడుల్స్ ఎంత ఐకమత్యంతో ఉన్నాయంటే, ఒకదాన్ని లాగితే కంచం కూడా లేచి వచ్చింది.

అమ్మ చేతిలోని ఫోను అక్కకిచ్చి, తన కంచం దగ్గరికి లాక్కుంది. వేలితో అంచు ముట్టుకుని చూసింది. వంటమనిషి కదా, ముట్టుకుంటే తెలిసిపోతుంది.

ఆ రోజు గదికి వచ్చాక పనుల జాబితా మరోసారి చూశాను. మ్యూజియం అయింది. బురుజు అయింది. తిరిగే హోటలు అయింది. మోకాళ్ల నూనె రెండు మోకాళ్లకీ అందింది. మిగిలినవి పడవ, అమ్మ. మర్నాడు మధ్యాహ్నం భోజనం చేసి సాయంత్రం రైలెక్కాలి. అంటే ఉన్నది ఒక్క పూట! కంగారుపడి బావకి గుర్తు చేశాను. బావ మంచివాడు, అపార్థం చేసుకోకండి. "అయ్యో, రేపు అత్తయ్య స్పెషల్ చేసేద్దాం. ఆవిరి కనబడేలా, స్లో మోషన్లో," అన్నాడు.

అమ్మ బట్టలు మడతపెడుతోంది. విన్నట్టే లేదు.

ఇక్కడ మీకో సాంకేతిక విషయం చెప్పాలి. మా కుటుంబానికి ఒకే ఒక పవర్ బ్యాంకు ఉంది. ఇటుకంత ఉంటుంది, బరువూ అంతే. దాన్ని మోసే బాధ్యత మొదటి రోజే అమ్మ సంచికి దక్కింది. ఏ ఫోను ఎర్రబడినా అందరం అమ్మ చుట్టూ చేరేవాళ్లం, చిన్నప్పుడు ఆకలేసినప్పుడు చేరినట్టు.

మర్నాడు పొద్దున పడవ షికారు. బావ ఒడ్డు నుంచి ఒడ్డుదాకా లైవు ఇచ్చాడు. అక్క నీళ్లనీ, నీళ్లలో తన నీడనీ తీసింది. నా ఫోను దారి చూపించీ చూపించీ అందరికంటే ముందే కన్నుమూసింది. నాన్న ఫోనుకి కెమెరా లేదు. ఆ సంగతి తెలిసిన రోజు నుంచి బావ ఆయన్ని కొంచెం జాలిగా చూస్తాడు. స్టేషను పక్కన ఒక చిన్న హోటల్లో కూర్చునేసరికి మా ఇంటి ఫోన్లన్నీ చల్లారిపోయాయి.

"అత్తయ్యా, ఆ పవర్ బ్యాంకు ఇలా ఇవ్వండి," అన్నాడు బావ.

అమ్మ సంచిలో చెయ్యి పెట్టింది. అటు తడిమింది, ఇటు తడిమింది.

"గదిలో మర్చిపోయినట్టున్నాను బాబూ," అంది.

మేము ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా అమ్మ మర్చిపోవడమా! హాస్టల్లో ఏ గదిలో ఎవరికి కారం పడదో చెప్పే మనిషి. నా పరీక్షల హాల్ టికెట్టు నాకంటే ముందు గుర్తుపెట్టుకున్న మనిషి. వయసు మీద పడుతోందేమోనని అక్క బెంగపడింది. బావ లేచి కౌంటరు దగ్గర ప్లగ్గు ఉందా అని అడిగాడు. ఉన్న ఒక్క ప్లగ్గుకీ ఫ్రిజ్జు తగిలించి ఉందని, పాలు విరిగిపోతాయని హోటలాయన చెప్పాడు. బావ వచ్చి కూలబడ్డాడు. ఏం చేయాలో తెలియక చేతులు ఎక్కడ పెట్టుకోవాలా అని వెతుక్కున్నాడు.

సూపు వచ్చింది. అన్నం వచ్చింది. కూర ఇంకా ఉడుకుతున్న చప్పుడుతోనే వచ్చింది.

ఎవరూ కదల్లేదు. అలవాటైపోయింది కదా! నాన్న చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఇక తినొచ్చా?" అన్నాడు, ఎవరినీ ఉద్దేశించకుండా.

"తినండి," అంది అమ్మ. "చల్లారిపోతుంది."

అంటూనే చెంచా నిండా తీసుకుంది. ఊదలేదు. నోట్లో పెట్టేసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి, ఎర్రబడ్డాయి, నీళ్లు కారాయి. మేమందరం గ్లాసులందుకున్నాం. ఆమె చెయ్యి అడ్డం పెట్టి, తీరిగ్గా మింగింది.

"నోరు కాలింది," అంది. పొలం దున్నుతుంటే బంగారం దొరికినవాళ్లు కూడా అంత తృప్తిగా మాట్లాడరు. ఇంకో చెంచా తీసుకుంది.

తర్వాత కళ్లు తుడుచుకోవడానికి, సంచిలోంచి రుమాలు తీసిమ్మంది. సంచి పక్కనే అక్క కూర్చుని ఉంది. అయినా బల్లకి అవతల ఉన్న నన్నే అడిగింది. నేను లేచి వెళ్లి చెయ్యి పెట్టాను. రుమాలు కింద తువ్వాలు. తువ్వాలు మడతలో, వైరు చక్కగా చుట్టి, ఇటుకంత బరువుగా ఒకటి తగిలింది.

అమ్మకేసి చూశాను. అమ్మ సూపుకేసి చూస్తోంది.

డిగ్రీలో నేర్పనివి కొన్ని ఉంటాయి. రుమాలు ఇచ్చాను. జిప్పు పూర్తిగా, చివరిదాకా లాగాను.

కాబట్టి పాఠకులారా, నా వాదన మీద నేను నిలబడే ఉన్నాను. తినేముందు ఫోటో గొప్ప వరమే. కాకపోతే చిన్న లోటు ఒకటుంది. ఇంటికొచ్చాక అక్క ఆల్బం తయారుచేసింది. సూపులున్నాయి, నూడుల్స్ ఉన్నాయి, అరువు పూలకుండీ ఉంది, నాన్న బట్టతల కూడా ఒక మూల మెరుస్తోంది. అమ్మ మాత్రం ఎక్కడా లేదు. ఒక ఫోటోలో పైన మసగ్గా ఏదో ఉంటే మేఘం అనుకున్నాం. అది అమ్మ బొటనవేలు. ఆ చివరి భోజనం అసలే లేదు. ఫోటో లేనిది జరిగినట్టు లెక్క కాదని బావ చెబుతాడు.

అందుకే మీకో పని అప్పజెబుతున్నాను. స్టేషను పక్కన చిన్న హోటల్లో, నోరు కాల్చుకుని, కళ్లనీళ్లు కారుతుండగా రెండో చెంచాకి వంగిన ఒకావిడని కాస్త గుర్తుపెట్టుకోండి. మీరు కూడా మర్చిపోతే ఆవిడ ఆ పూట తిన్నట్టే కాదు.

తువ్వాలు మడతలో ఉన్నదాన్ని మాత్రం మర్చిపోండి. మా బావ ఈ పత్రిక చదువుతాడు.