శేర్వానీ ఇచ్చిన మాట

పెట్టె పోయిన రోజు శుక్రవారం, ఆ కాలంలో అక్కడ బళ్లకూ సర్కారు కచేరీలకూ సెలవు. పొద్దున కామారెడ్డిలో బస్సెక్కాలి, మధ్యాహ్నానికి ఎల్లారెడ్డి చేరాలి, దీపాలు పెట్టే వేళకు నాటకం ముగించాలి. 1939 ఎండాకాలంలో సర్కారీ బడి పంతులు పర్శరాములు చేసుకున్న ఏర్పాటు ఇంతే. అందులో ఎల్లారెడ్డి చేరడం వరకే అనుకున్నట్టు జరిగింది.

నాటకం ఆయన రాసిందే. నాలుగు వందల ఏళ్ల కింద ఇటలీ దేశంలో ఒక మంత్రికి కొలువు పోయింది. పల్లెకు చేరి, రాజ్యం ఎలా నిలుపుకోవాలో రాజులకు సలహాలు రాశాడు. ఎవరూ చదవలేదు. విసుగెత్తి ఒక నవ్వు నాటకం రాస్తే జనం ఎగబడి చూశారు. మంత్రి దర్బారు అంగీని పర్శరాములు భార్య లక్ష్మీనర్సమ్మ కుట్టింది. చివరి గుండీ ఒకటి మిగిలి ఉండగానే మాఘమాసంలో ఆమె పోయింది. నాటకం ఆపవద్దని చెప్పి పోయింది.

ఆడటానికి ఎల్లారెడ్డి తహసీల్దారు ఘనీ సాబు ఇజాజత్ ఇచ్చాడు. సర్కారును వెక్కిరించినట్టు ఒక్క మాట వినబడినా నౌకరీ ఉండదని కామారెడ్డిలో పెద్ద పంతులు ముందే హెచ్చరించాడు. అందుకే పర్శరాములు ప్రతి మాటనూ రెండుసార్లు తూచి రాశాడు. బట్టల సంగతి తూచలేదు.

ఎల్లారెడ్డిలో నాటకం వాళ్లందరూ దిగారు. బస్సు కప్పు మీది వేషాల బట్టల పెట్టె దిగలేదు. బస్సు బాన్సువాడ దిక్కు దుమ్ము రేపుకుంటూ పోయింది.

"రేపు తిరిగొస్తది గద సారూ, పెట్టె యాడికి పోతది?" అన్నాడు బీరయ్య. దోమకొండ భాగవతంలో రాజు వేషాలు వేసి ఆరితేరినవాడు. ఇప్పుడు మంత్రి వేషం అతనిదే.

"నాటకం ఇయ్యాల గదా బీరయ్యా!"

"చాకలోళ్ల ఇల్లు యాడుందో అడుగుదాం పా సారూ. మా దిక్కు పెండ్లిండ్లు గూడ ఆళ్లకాడి అరువు బట్టలతోనే ఎల్లదీస్తరు."

చాకలి భూదవ్వ వేషం మాట వినగానే వంకాయరంగు శేర్వానీ ఒకటి తెచ్చి ఇచ్చింది. ఇస్త్రీ వేడి ఇంకా ఆరలేదు.

"ఇది ఎవరిదవ్వా?" అన్నాడు పర్శరాములు.

"ఎవరిదైతేంది సారూ? పొద్దుగాల్ల మల్ల ఉతికి ఇస్త. మంత్రికి గొంగడి కప్పి పంపుతనా మరి?"

ఎల్లారెడ్డిలో అలాంటి శేర్వానీ ఒక్కటే ఉందని పొరుగూరి వాళ్లకు తెలియదు. దాని యజమాని నాటకానికి వస్తున్నాడని భూదవ్వకు తెలియదు.

సాయంత్రం ఘనీ సాబు తెల్లటి అంగీలో వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. పరదా లేచింది. బీరయ్య అడుగుపెట్టగానే జనంలో గుసగుస పుట్టింది. వెనక వరసలో ఒకాయన లేచి సలాం చేశాడు. అంతలో భూదవ్వ తెర వెనక్కు ఉరికొచ్చింది.

"సారూ, నీ కాల్మొక్త, గా శేర్వానీ ఇడిపియ్యి! అది తహసీల్దారు సాబుది!"

పర్శరాములు తెర అంచుకు ఉరికాడు. పక్కనుంచి బీరయ్యకు కనబడేలా తన గుండీలు విప్పుతున్నట్టు సైగ చేశాడు. భాగవతంలో రాజు రాగానే తన వేషాన్ని తానే పొగుడుకోవడం రివాజు. పంతులు అదే అడుగుతున్నాడని బీరయ్య అనుకున్నాడు. ముందుకు వచ్చి, ఒక చుట్టు తిరిగి, శేర్వానీ అంచులు రెండు చేతులా పట్టి రాగం ఎత్తుకున్నాడు. జనం ఈలలు వేశారు.

వెనక జనంలోంచి పోచన్న అనే రైతు లేచాడు. రెండేళ్లుగా కచేరీ చుట్టూ తిరుగుతున్నవాడు. శేర్వానీని చూసి, లోపల ఎవరున్నారన్నది పట్టించుకోలేదు.

"సాబ్! నా బాయికాడి పంచాయతి ఎప్పుడు తెంపుతరు?"

చూసేవాళ్లు అడిగితే వేషం జవాబు చెప్పాలి. బీరయ్యకు తెలిసిన పద్ధతి అది.

"రేపు పొద్దుగాల్ల రా, తెంపుత!"

అంతే, తలా ఒకరు లేచారు. కుంట తూము ఒకరిది, పొలం గెట్టు తగాదా ఒకరిది. బీరయ్య ఎవరినీ నొప్పించలేదు. అందరికీ రేపే అన్నాడు. ఘనీ సాబు కుర్చీలోంచి లేవడం చూసి పర్శరాములు పరదా దింపేశాడు.

ఘనీ సాబు తెర వెనక్కు వచ్చాడు. శేర్వానీ ఎవరిదో అప్పుడే విన్న బీరయ్య గబగబా గుండీలు విప్పబోయాడు.

"తియ్యకు," అన్నాడు ఘనీ సాబు.

"తప్పు నాదే సాబ్. మా పెట్టె బస్సు మీద పోయింది. ఈళ్లకేం తెల్వదు," అన్నాడు పర్శరాములు.

"మాస్టర్, కొలువు పోయినంక మీ మంత్రి ఏం జేసిండు?"

"పొద్దంత పొలాలల్ల తిరుగుతడు సాబ్. పొద్దుగూకినంక బురద బట్టలు ఇడిచి, దర్బారు బట్టలు తొడుక్కొని కూసుంటడు. పాత పుస్తకాలల్ల సచ్చిపోయినోళ్లతోని మాట్లాడుతడు."

"వాళ్లు జవాబు ఇస్తరా?"

పర్శరాములు పరదా వంక చూశాడు. "ఆయనకైతే ఇచ్చిండ్రట సాబ్."

ఘనీ సాబు తల పంకించాడు. "నిన్న నాకు పింఛను హుకుం వచ్చింది. ఇంట్ల గూడ ఇంక చెప్పలె. కచేరీ లేనోనికి శేర్వానీ ఎందుకని పొద్దటిసంది సోంచాయిస్తున్న. పరదా లేపున్రి, ఆ బట్టలు తొడుక్కునే భాగం చూడాలె." తర్వాత బీరయ్య వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం ఇంక ఎవ్వరికీ మాట ఇయ్యకు భై. ఇచ్చినయి చాలు."

నాటకం ముగిసేసరికి దీపాలు పెట్టి చాలాసేపయింది. ఎవరూ తప్పు పట్టలేదు.

తెల్లవారి కచేరీ ముందు పోచన్న, అతని వెనక సగం ఊరు నిలబడింది. ఘనీ సాబు శేర్వానీ తొడుక్కుని కూర్చొని, అది ఇచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటే తీర్చడం మొదలుపెట్టాడు. కొలువు దిగేలోగా పూర్తి చేశాడని ఎల్లారెడ్డిలో చెప్పుకుంటారు.

ఆ మధ్యాహ్నమే బాన్సువాడ బస్సు పెట్టెను తెచ్చింది. పర్శరాములు మూత తీసి చూశాడు. అంగీ మడత చెదరలేదు. ఎడమ చేతి అంచున లక్ష్మీనర్సమ్మ గుచ్చి ఉంచిన సూది, దారంతో సహా అలాగే ఉంది.

ఆ గుండీ ఇంకా కుట్టలేదు.