గుమ్మడికాయ మీది కాపురం

ఆ ఆదివారం పొద్దున పూజిత వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే ధర్మేందర్‌ను లేపి, ఫ్లాస్కులో చాయ్ పోసుకుని, ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కట్ట మీదికి వెళ్ళి, కొంగల ఫొటోలు తీసుకుని, ఉప్మా వేళకు ఇల్లు చేరడం. పెళ్ళయ్యాక అందరూ ఊటీ వెళ్ళిరమ్మంటే, "ఊటీ వద్దు, కెమెరా కొనియ్యి" అన్న పిల్ల ఆమె. అప్పటి నుంచి ఆ ఇంటి చుట్టుపక్కల తొండలకు, తూనీగలకు చాటు లేకుండా పోయింది.

బూట్లు వరండాలో ఉన్నాయి కదా అని ధర్మేందర్ ముందు తలుపు గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. పక్కన కిటికీలోంచి బయటికి చూస్తున్న పూజిత, "ఆగు!" అని గుసగుసగా అరిచింది. గుసగుసగా అరవడం కొత్తగా పెళ్ళయినవాళ్ళకే చేతనవుతుంది.

"ఏమైంది? పామా?"

"పాము కాదు. తేనెపిట్ట. మన గుమ్మడికాయ మీద గూడు కడ్తుంది."

గుమ్మానికి దిష్టి తగలకుండా వేలాడదీసిన బూడిద గుమ్మడికాయ ఎండి డొల్లయిపోయింది. దాన్ని కట్టిన తాడుకే బొటనవేలంత పిట్ట ఒకటి పీచు, సాలెగూళ్ళు, ఎండుటాకులు తెచ్చి చిన్న సంచీలాంటి గూడు అల్లుతోంది. ఆ సంచీ నడుమ ఏదో మెరిసింది. పూజిత లెన్సు తిప్పి చూసింది. ఎండలో ఆరేసినప్పుడు తన పెళ్ళిచీర అంచు నుంచి ఊడిన జరీపోగు!

"చూసినవా? నా పెండ్లి చీర తోటి అది ఇల్లు కట్టుకుంటుంది!" అంది ఆమె. కళ్ళలో నీళ్ళు తిరగడం ఒక్కటే తక్కువ.

"మంచిగుంది గని, చీర చినిగిందని మీ అమ్మకు ఏం చెప్పాలె?"

"గది తర్వాత. పిల్లలయ్యి ఎగిరిపోయేదాక ఈ తలుపు తెరవద్దు. అవి మొదటిసారి ఎగురుతుంటే ఫొటో తియ్యాలె నేను. ఒక్కటంటే ఒక్కటి."

"మరి నేను డ్యూటీకి ఎట్ల పోవాలె?"

"వంటింటి తలుపు లేదా?"

"నా బూట్లు?"

"గూడు కిందనే ఉన్నయి. ముట్టొద్దు. తల్లి బెదిరిపోతది. ఇంకోటి, ఎవ్వరికి చెప్పకు. చెప్తే గల్లీ అంతా వచ్చి గుమ్మం కాడ నిలవడ్తది. నా మీద ఒట్టు."

గోడ దూకి వెళ్ళమన్నా వెళ్ళేవాడే ధర్మేందర్. తలుపు మానేయడం ఎంత పని! ఆ రోజుకు కొంగలు బతికిపోయాయి.

చిక్కల్లా ఒక్కటే. వంటింటి తలుపు దక్షిణం వైపు ఉంది. దక్షిణం యముడి దిక్కని ఆ గల్లీలో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు.

సోమవారం ధర్మేందర్ ఆ తలుపు గుండా, పక్క సందులోంచి, బయటికి వచ్చాడు. కాళ్ళకు పెళ్ళిలో షేర్వానీ కిందికి కొన్న బంగారు రంగు జూతీలు. ఇంట్లో ఉన్నవి అవే మరి. గోడ అవతల బట్టలు పిండుతున్న ఇంద్రమ్మ చేతిలో చీర అలాగే ఉండిపోయింది.

"ఏందిరా ధర్మేందర్! లచ్చిమసొంటి తూర్పు దర్వాజ పెట్టుకొని, యముని దిక్కుకెల్లి వస్తున్నవేంది?"

ధర్మేందర్‌కు ఒట్టు గుర్తొచ్చింది. అబద్ధం అలవాటు లేనివాడు ఒకటి చెప్పాల్సి వస్తే అవసరానికి మించి చెబుతాడు.

"అది... కొన్ని దినాలు ఇటుకెల్లి తిరిగితే కలిసొస్తదట అక్కా."

"ఎవలు చెప్పిన్రు?"

"ఒక పెద్దాయన. మస్తు తెలిసినాయన."

"ఆ జూతీలు కూడ ఆయనే తొడుక్కోమన్నడా?"

"...అవ్."

ఇంతలో ఆదిభట్ల కంపెనీ బస్సు హారన్ కొట్టి అతన్ని కాపాడింది. కానీ అదే కంపెనీ ఆ సాయంత్రమే అతన్ని నిలువునా ముంచింది. ఎప్పటి నుంచో నానుతున్న అతని ఉద్యోగం పర్మనెంటు చేసింది. ధర్మేందర్ స్వీటు డబ్బాతో సందులోంచి ఇంటికి వస్తుంటే, ఇంద్రమ్మ ఒక లడ్డు తీసుకుని, అతన్నీ, దక్షిణం తలుపునూ, జూతీలనూ వరసగా చూసింది. ఏమీ అనలేదు. ఇంద్రమ్మ ఏమీ అనకపోవడం ఆ గల్లీలో అంతకుముందు ఎన్నడూ జరగలేదు.

మర్నాడు ఆమె తూర్పు తలుపుకు తాళం పడింది. ఆ వారంలోనే పెద్ద అంబర్‌పేట్ దగ్గర ఎన్నాళ్ళుగానో అమ్ముడుపోని ఆమె ప్లాటు అమ్ముడుపోయింది. ఆ రోజుల్లో రింగు రోడ్డు పక్కన ముళ్ళకంపకు కంచె వేసినా కొనేవాళ్ళు వరసలో నిలబడేవారు. ఆ సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక గల్లీలో తూర్పు తలుపులు టపటపా మూసుకున్నాయి. ఎదురింటి ఎల్లేశ్‌కు దక్షిణం తలుపు లేకపోతే గోడ పగలగొట్టి పెట్టించాడు. తలుపు తెరిస్తే అవతల పక్కింటివాళ్ళ బర్రెల కొట్టం. అందులోని బర్రె తనకోసమే ఇంకో గది కట్టారనుకుని లోపలికి వచ్చి, బియ్యం కడిగిన నీళ్ళు తాగి, స్టవ్ పక్కనే పడుకుంది.

"జర కుదురుకోనియ్యి. కలిసొచ్చేటప్పుడు గట్లనే ఉంటది" అని ఎల్లేశ్ భార్యను ఓదార్చాడు.

ప్లాట్లు చూపిస్తూ వాస్తు కూడా చెప్పే వీరస్వామి మొదట ఇదంతా పిచ్చి అన్నాడు. గల్లీలో తన మాట చెల్లదని తేలాక దిక్సూచి పట్టుకుని అటూ ఇటూ తిరిగి, "రింగు రోడ్డు పడ్డంక భూమి జర కదిలింది. దిక్కులు మునుపటి లెక్క లేవు" అని తేల్చాడు.

కిటికీ లోపల పూజితకు ఈ లోకం పట్టలేదు. గుడ్లు పిల్లలయ్యాయి. గూటి ద్వారంలోంచి ముందు ఒక ముక్కు, తర్వాత ఇంకో ముక్కు బయటికి వచ్చాయి. ఆమె అన్నం మాడబెట్టింది, పాలు పొంగబెట్టింది, ఫొటోలు తీసింది. ధర్మేందర్ మాడిన అన్నం తింటూ, "ఇయ్యాల పిల్లలు ఏం తిన్నయి?" అని అడిగేవాడు. పురుగులని తెలిశాక అతనికి తన అన్నమే నయమనిపించేది.

నెల దాటాక ఒక శనివారం పొద్దున పిల్లలు రెండూ గూటి అంచు మీదికి వచ్చి రెక్కలు విదిలించాయి. పూజిత కెమెరా ఎత్తింది. సరిగ్గా అప్పుడే గేటు ముందు ట్రాలీ ఆటో ఆగింది. అందులోంచి ఇటుకలు, సిమెంటు, నిచ్చెన, ఒక మేస్త్రీ, వీరస్వామి దిగారు. చివర్న కూతురి దగ్గర జల్‌పల్లిలో ఉండే ఇంటి ఓనరు మల్లేశయ్య దిగాడు.

"తూర్పు దర్వాజ మూస్తే కిరాయికున్నోనికే ఇంత కలిసొచ్చింది. ఓనర్‌కు ఎంత కలిసిరావాలె!" అన్నాడాయన మేస్త్రీతో. "గోడ కట్టెయ్. ముందుగాల గా ఎండిన గుమ్మడికాయ కోసి పారెయ్."

నిచ్చెన గుమ్మానికి ఆనింది. అంత కంగారులోనూ పూజిత ముందు తలుపు మాత్రం తెరవలేదు. వంటింట్లోంచి దూకి, సందులో పరుగెత్తి, ఇల్లు చుట్టి వచ్చి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది. ఆమె వెనకే బ్రష్షు నోట్లో పెట్టుకుని ధర్మేందర్, అతని వెనక గల్లీ మొత్తం.

"బాపూ, ఆగుండ్రి! వాస్తు లేదు, ఏం లేదు! గూడు కోసం తలుపు మూసినం. ఇగో, చూడుండ్రి!"

ఆమె కెమెరా మల్లేశయ్య చేతికిచ్చి, బొమ్మలు ఒక్కొక్కటే చూపించింది. మెరిసే జరీపోగు. గుడ్లు పొదుగుతున్న తల్లి ముక్కు. ఎర్రగా తెరుచుకున్న చిన్ని నోళ్ళు. మల్లేశయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు.

ఇంద్రమ్మ మాత్రం ధర్మేందర్ వైపు తిరిగింది.

"అయితే పెద్దాయన ఎవలు లేడా?"

ధర్మేందర్ బ్రష్షు తీసి, "లేడక్కా" అన్నాడు.

"నా స్టవ్ కాడ బర్రె పండుతుంది కదరా!" అని ఎల్లేశ్ మీదికి వచ్చాడు. "దీనికి బాధ్యులెవరు?"

అందరూ వీరస్వామిని చూశారు. భూమి కదిలిందన్నవాడు ఆయనే. ఆయన దిక్సూచి వైపు చూశాడు, గూటి వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నేను మొదటికెల్లి చెప్తనే ఉన్న. దర్వాజ కాదు, అసలు సంగతి గా పిట్టల ఉన్నది."

"నువ్వెప్పుడు చెప్పినవయ్యా?" అని ఇంద్రమ్మ కొంగు దోపింది.

"ష్..." అన్నాడు మల్లేశయ్య.

గూటి అంచున ఒక పిల్ల ముందుకు వంగింది. గల్లీ గల్లీ అంతా నోరు మూసుకుంది. తల్లి పిట్ట ఎదురుగా కరెంటు తీగ మీద కూర్చుని 'చివిట్, చివిట్' మని పిలుస్తోంది. మేస్త్రీ నిచ్చెన పక్కన తాపీ ఎత్తిన చెయ్యి అలాగే ఉంచేశాడు. పిల్ల వణికింది, రెక్క విప్పింది, జారింది, పడబోయింది, లేచింది!

అప్పుడు గానీ పూజితకు కెమెరా తన చేతిలో లేదని గుర్తు రాలేదు.

"బాపూ, నొక్కుండ్రి! నొక్కుండ్రి!"

మల్లేశయ్య కంగారులో కెమెరాను గట్టిగా పట్టుకుని ఏదో నొక్కాడు. పిల్ల ఆయన తలపాగా మీద ఒక్క క్షణం వాలి, తీగ మీదికి పోయింది. దాని వెనకే రెండోది.

ఫొటోలో పిట్ట లేదు. ఉన్నది గల్లీ. నోరు తెరిచిన ఇంద్రమ్మ, కోపం మధ్యలో నవ్వేసిన ఎల్లేశ్, దిక్సూచి కింద పడేసుకున్న వీరస్వామి, నోటి నిండా నురగతో ధర్మేందర్, అంచున ఎవరు పిలిచారో గానీ బర్రె. అందరి ముఖాలూ పైకి, ఒక్క వైపుకే.

"పాడు చేసిన్నా బిడ్డా?" అన్నాడు మల్లేశయ్య నొచ్చుకుంటూ.

పూజిత ఆ ఫొటో చాలాసేపు చూసింది. "లేదు బాపూ," అంది. "అది ఎగిరింది గీళ్ళ మొఖాలల్ల మంచిగ కనవడ్తుంది."

ఇటుకలు వచ్చిన ఆటోలోనే వెళ్ళిపోయాయి. మర్నాడు ముందు తలుపు తెరుచుకుంది. ధర్మేందర్ పిట్ట రెట్టలతో తెల్లబడిన బూట్లను ఆప్యాయంగా కడిగి ఎండలో పెట్టాడు. ఫొటో కడిగించి మల్లేశయ్యకు ఒకటి, వీరస్వామి అడిగితే ఆయన ఆఫీసుకు ఒకటి ఇచ్చారు.

అంతా కుదుటపడిందనుకుంటుండగా తేనెపిట్ట మళ్ళీ పీచు తెచ్చుకుంది. ఈసారి వంటింటి తలుపు ముందున్న దండెం మీదికి. పూజిత ఆ తలుపు మెల్లగా మూసి, ధర్మేందర్ వైపు చూసి నవ్వింది. సోమవారం అతను కడిగిన బూట్లతో తూర్పు తలుపులోంచి బయటికి రావడం ఇంద్రమ్మ చూసింది. కారణం ఆమెకు తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని సాయంత్రానికల్లా తన దక్షిణం తలుపుకు తాళం వేసింది. గల్లీ అంతా అదే పని చేసింది.

ఎల్లేశ్ కూడా తన కొత్త తలుపు మూయించాలనే అనుకున్నాడు గానీ, బర్రె ఒప్పుకోలేదు.