బూడిదరంగు తివాచీ సంగ్రామము

సూర్యభగవానుడు నీళ్ల ట్యాంకు మీదుగా, ఆరవేసిన దుప్పట్ల సందున తొంగిచూచుచున్న ఒకానొక ఆదివార ప్రభాతంబున, వారమంతయు బీమా కార్యాలయమున గుమాస్తాయై తలవంచియు, సెలవునాడు మాత్రము తివాచీ ప్రక్షాళన ధురంధరుడై తలయెత్తగోరు మహావీరుడొకడు, వామహస్తమున సబ్బునీటి బకెట్టును, దక్షిణహస్తమున గొట్టమును ధరించి, చక్రాల యంత్రమును వెంటనీడ్చుచు ప్రథమ దండయాత్రకు వెడలెను.

ధర్మపత్ని గుమ్మమున అడ్డు నిలిచెను.

"చెప్తున్నా వినండి. ఇవాళ ఒక్కళ్లైనా 'బాగా కడిగావయ్యా' అనకపోతే, రేపు ఆ డబ్బాని కొట్లో తిరిగిచ్చేస్తా. హాల్లో దాన్ని దాటలేక చస్తున్నా."

"దేవీ! పైఅంతస్తు టీచరమ్మ తివాచీని తళతళలాడింపనిచో, ఈ గొట్టమును మరల స్పృశింపను!"

"సరే, ముందు చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోండి."

టీచరమ్మ హాలున తివాచీ బూడిదరంగు, సోఫా బూడిదరంగు, పరదాలు బూడిదరంగు. మూల పేము కుర్చీలో, వార్తాపత్రిక వెనుక, ఆమె భర్త అదృశ్యుడై యుండెను. మొదట మచ్చుకు కొంచెము కడిగి చూపుట ఈ వృత్తిధర్మము గావున, వీరుడు ఆ కుర్చీ చెంతనే మోకరిల్లి గర్జించెను.

"ఓరి దుమ్మా! నానాపాదరక్షాపరిపోషితా! నేటితో నీకు నూకలు చెల్లెను!"

నురుగు పొంగెను. బ్రష్షు కదనమాడెను. యంత్రము భీకరముగా ఘూర్ణిల్లి నల్లని నీటిని గుటగుట మ్రింగెను. అంతట కుర్చీకాళ్ల సందున అరచేతి మేర నిగనిగలాడుచు చిలకపచ్చరంగు బయల్పడెను.

"అయ్యయ్యో! నా కార్పెట్ రంగు మార్చేశాడు!" అని టీచరమ్మ కేక. "దీనికి మ్యాచింగ్ అనే కదా సోఫా కొన్నాను!"

వీరుని గుండె జారి బకెట్టులో పడెను. యంత్రము రేపు కొట్టు చేరుట ఖాయమని తలచినంతనే అతనికి నిజముగ ఏడుపు వచ్చెను.

అప్పుడు వార్తాపత్రిక మడతపడెను.

"చూశావుటే! మనం కొన్నది చిలకపచ్చదే అంటే, నాకు చూపు పోయిందని కళ్లడాక్టరు దగ్గరికి ఈడ్చుకెళ్లావు! బాబూ, మొత్తం కడిగెయ్!"

"ఇంకో చుక్క నీళ్లు పడ్డాయంటే ఊరుకోను!"

ఉభయసేనల నడుమ గొట్టము పట్టి నిలిచిన ఆ ధీరుని దుస్థితి పగవారికిని వలదు. ఘోర వాగ్యుద్ధానంతరము సంధి కుదిరెను. కుర్చీ నాలుగు కాళ్ల నడిమి భూభాగము భర్తది, తక్కిన సామ్రాజ్యమంతయు భార్యది. వీరుడు కుర్చీ జరిపి, ఆ కించిత్ క్షేత్రమును ప్రాణమొడ్డి కడిగెను. అరుపులకు బెదరి పరుగున వచ్చిన ధర్మపత్ని వాకిట నిలిచి చూచుచుండెను.

పెద్దాయన మరల కుర్చీలో కూర్చొని, చెప్పులు విడిచి, పాదములు రెండును వెనుకకు ముడిచి ఆ పచ్చదనముపై ఆనించెను. కన్నులు మూసికొనెను.

"బాగా కడిగావయ్యా."

వీరుడు భార్యవైపు చూచెను.

"కుర్చీ కిందేగా కడిగింది?" అనెను ఆమె.

"దేవీ! నీవు కోరినది ఒక్కరిని!"

ఆమె క్రిందికి దిగిపోయెను. ఇట్లు కుర్చీక్రింది మహామండలమును జయించి తిరిగివచ్చిన ఆ ప్రక్షాళనచక్రవర్తికి, గృహద్వారమున చెప్పుల స్టాండు జానెడు ప్రక్కకు జరిగి యుండుట కానవచ్చెను. ఆ జానెడు జాగాలో, యంత్రము సరిగ్గా పట్టెను.