ఎలుకల లొంగుబాటు

ఆరు నెలల తర్వాత ఎలుక అనేది నిఘంటువులో తప్ప మరెక్కడా కనిపించకూడదని పారిశుద్ధ్య శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. అవసరమైతే నిఘంటువు సంగతి కూడా పరిశీలిస్తామన్నారు. కార్యక్రమానికి 'మూషిక విముక్తి ఉద్యమం' అని నామకరణం చేశారు. విముక్తి ఎలుకలకా, ఎలుకల నుంచి మనకా అని ఒక విలేకరి అడిగితే, ప్రతిదాన్నీ రాజకీయం చేయవద్దని కోరారు.

రేడియోలో ఈ వార్త వచ్చేసరికి టైలరమ్మ ఒక చొక్కాకు కాలరు కుడుతోంది. మిషను ఆపకుండానే విని, "మంచిదే" అంది.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే, టైలరమ్మా, ఆవిడ ఆడబిడ్డా. కుట్టుపని ఉన్నా లేకపోయినా ఇద్దరికీ పూటపూటా కూర పెరట్లోంచే రావాలి. చిక్కుడు పాదు, నాలుగు వరసలు టమాటా, గోడవారగా చిలగడదుంప. అయిదు నెలల కిందట ఎలుకలు దానిమీద పడితే ఆవిడ వార్డు ఆఫీసుకు అర్జీ పెట్టుకుంది. నెలరోజులు జవాబు కోసం చూసింది. ఆ తర్వాత చీర కొంగు నడుముకు బిగించి తనే దిగింది. గోడమీది తీగలు నరికింది. కట్టెల మోపును ఇటుకలమీదికి ఎత్తింది. చెత్త గుంతకు మూత వేసింది. కన్నాల్లో రాళ్లు కూరి సిమెంటు పూసింది. మిగిలిన నాలుగూ బోనులో పడ్డాయి. ఆ తర్వాత పెరట్లో ఎలుక ఊసే లేదు.

సోమవారం మధ్యాహ్నం శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"మీ అర్జీ మంత్రిగారి దాకా వెళ్లిందమ్మా. ఉద్యమం మీ పెరట్లోనే ప్రారంభం. వెయ్యి అర్జీల్లో మీదే ఎంపిక చేశాం."

"మాదే ఎందుకండీ?"

"మీ వీధిలో కార్లు తిప్పుకోడానికి చోటుంది" అని పెరడంతా కలియజూశాడు. "ఎలుకలేవీ?"

"పోయాయండీ."

ఎలా పోయాయో చెబుతుంటే ఇన్‌స్పెక్టరు మెల్లిగా మిషను స్టూలు మీద కూలబడ్డాడు. "గురువారం మంత్రిగారొస్తున్నారు. నెలరోజులు ఆగినవాళ్లు ఇంకో నాలుగు నెలలు ఆగలేకపోయారా?"

"నేను ఆగానండీ. అవే ఆగలేదు."

ఆయన బాధ్యత తెలిసిన మనిషి. వీధి వీధీ తిరిగి రెండు ఎలుకలు అరువడిగాడు. తమ ఇంట్లో ఎలుకలున్నాయని ఏ గృహిణీ ఒప్పుకోలేదు. ఆఫీసు రికార్డు రూములో కావలసినన్ని ఉన్నాయి గానీ, సర్వీసు బాగా ఉన్నవి కావడంతో ఎవరికీ చిక్కలేదు. చివరికి కాలేజీ లేబరేటరీ నుంచి ఆరింటిని సంతకం పెట్టి తెచ్చాడు. ఆరూ పాలలా తెల్లగా ఉన్నాయి.

"మీ టైలర్లు తెల్లగుడ్డకు మట్టిరంగు ఎలా వేస్తారమ్మా?" అని అడిగాడు, కాస్త మొహమాటంగా.

"టీ డికాషన్‌లో ముంచుతాం."

గురువారం తెల్లారకముందే ఆడబిడ్డ గిన్నెడు డికాషన్ కాచి చల్లార్చింది. ఎలుకలు ఆరూ బుద్ధిగా మునిగి లేచాయి. కరవడం అన్నది వాటికి ఎవరూ నేర్పలేదు.

పదిగంటలకు మంత్రిగారు దయచేశారు. వెండి పొన్ను కర్ర చేతికిచ్చారు. విలేకరులు చిక్కుడు పాదును తొక్కి నిలబడ్డారు. ఇన్‌స్పెక్టరు బోను తెరిచాడు. మంత్రిగారు కర్ర ఎత్తారు.

ఒక ఎలుక ఆ ఎత్తిన చేతికేసి చూసింది. మనిషి చెయ్యి లేచిందంటే మేత పడుతుందని పుట్టినప్పటి నుంచీ దాని అనుభవం. నింపాదిగా నడిచొచ్చి, మంత్రిగారి బూటెక్కి, ముందు కాళ్లు రెండూ జోడించి కూర్చుంది. మిగతా అయిదూ వచ్చి దాని వెనకాల వరసగా నిలబడ్డాయి.

ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు.

ముప్పై ఏళ్ల ప్రజాజీవితం ఊరికే పోదు. మంత్రిగారు కర్ర నెమ్మదిగా దించారు.

"లొంగిపోయాయి" అన్నారు.

చప్పట్లకు టమాటా మొక్కలు ఊగాయి.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఆ ఫోటోనే. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. లొంగిపోయినవాటికి పునరావాసం ప్రభుత్వ విధానం కాబట్టి, లొంగిపోయిన చోటే పునరావాస కేంద్రంగా గుర్తించడమైనది. గేటుకు బోర్డు బిగించారు. కింద చిన్న అక్షరాల్లో 'పిల్లులకు ప్రవేశము లేదు' అని రాయించారు. టైలరమ్మ బోనును జప్తు చేశారు.

మొదటి వానకు డికాషన్ కడుక్కుపోయింది. "వదినా, అన్నీ తెల్లబడ్డాయి" అంది ఆడబిడ్డ కిటికీలోంచి. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గొడుగు కింద నిలబడి రిపోర్టులో 'పరివర్తన మొదలైంది' అని రాసుకున్నాడు. ఆ వాక్యానికే ఆయనకు ప్రమోషన్ వచ్చిందంటారు.

రెండు నెలలకు ఆరు కాస్తా నలభై అయ్యాయి. చిక్కుడు పిందె దశలోనే పోయింది. ఒక ఉదయం టైలరమ్మ చిలగడదుంప తవ్వబోతే పైతొక్క ఒక్కటే చేతికొచ్చింది. లోపలంతా డొల్ల. వరసంతా తవ్వింది. అన్నీ అంతే. మట్టి చేతులతో గట్టుమీద కూర్చుంది. నాలుగు నెలల పాటు వంగి పనిచేసిన నడుము అప్పుడు గుర్తొచ్చింది. ఎలుకలు రెండు వచ్చి చనువుగా ఆవిడ పాదాలు వాసన చూశాయి. అదిలించడానికి చెయ్యెత్తితే ఇంకో పది వచ్చాయి.

"ఈ పూటకేం వండను వదినా?" అంది ఆడబిడ్డ.

టైలరమ్మ చేతులు కడుక్కుని వార్డు ఆఫీసుకు వెళ్లింది.

"ఎన్ని ఉన్నాయి?" అన్నాడు గుమాస్తా, తలెత్తకుండా.

"అప్పుడు ఆరు. ఇప్పుడు నలభై దాకా ఉంటాయండీ."

గుమాస్తా రిజిస్టరు తీసి 'లొంగుబాట్లు' అన్న గడిలో ఆరు కొట్టేసి నలభై వేశాడు. అతని ముఖం వికసించింది. "చాలా సంతోషమమ్మా. మీ కేంద్రమే ఫస్టు."

"నా పెరడు పోయింది బాబూ."

"అలా చెప్పండి మరి. మీరు నిర్వాసితులు. పక్క కౌంటరు."

పక్క కౌంటరు ముందు క్యూ వరండా దాటి మెట్ల కిందికి, మెట్ల దగ్గర్నుంచి రోడ్డుమీదికి సాగింది. టైలరమ్మ వెళ్లి చివర నిలబడింది. ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి మర్యాదగా పలకరించాడు.

"మీకేం లొంగిపోయాయండీ?"

"ఎలుకలు. మీకో?"

"కుక్కలు" అని, కట్టు కట్టిన కాలు కాస్త పక్కకు జరుపుకొని ఆయన ఆవిడకు నీడలో చోటిచ్చాడు.