రెండు వందల పన్నెండో నంబరు కల్యాణం

మా ఒహాయో పాత పిస్తోళ్ల సేకర్తల సంఘం పోయిన ఏప్రిల్లో ఒక పెళ్లి తలపెట్టిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. నియమావళిలో పెళ్లిళ్ల ప్రస్తావన లేదు. అయితే పిస్తోళ్ల సంక్షేమానికి అవసరమైన ఏ చర్యనైనా చేపట్టవచ్చని మూడో నిబంధన స్పష్టంగా చెబుతోంది.

మేము సేకరించేవి ఒక్క గుండుకే ఖాళీ అయిపోయే సైనిక పిస్తోళ్లు. రెండు వందల ఏళ్ల కిందట గుర్రపు రౌతు ఒకసారి కాల్చేవాడు. అవతలివాడు ఇంకా నిలబడే ఉంటే దాన్నే తిరగేసి బుర్ర మీద మోదేవాడు. వీటిలో హార్పర్స్ ఫెర్రీ కర్మాగారం రకం జోడీగా పుట్టేది, రెండింటి మీదా ఒకే నంబరు. కాలక్రమంలో జోడీలు విడిపోయాయి. విడిపోయిన జోడీని కలపడాన్ని మించిన పుణ్యకార్యం మాకు లేదు. మా సభ్యుల్లో విడాకులు తీసుకున్నవారు పదిహేడు మంది. వాళ్లని కలపాలని ఎవరికీ తోచలేదు.

212వ నంబరు పిస్తోలు ఒకటి వెర్లిన్ స్టాఫర్ దగ్గర ఉంది. ఆయన రిటైరైన పళ్ల డాక్టరు, భార్య పోయి ఆరేళ్లయింది. అదే నంబరుతో రెండోది లోరీనా హోస్టెట్లర్ అనే వితంతువు ఇంట్లో బయటపడింది. చనిపోయిన భర్త హాలిస్ చొక్కాలో చుట్టి దాన్ని అపురూపంగా దాచుకుందావిడ. కొంటామని వెళితే అమ్మనంది. వెర్లినూ అమ్మనన్నాడు.

అప్పుడు మా అధ్యక్షుడు ఆర్విల్ డంకెల్ లేచి చారిత్రక ప్రసంగం చేశాడు.

"సభ్యులారా! ఈ పిస్తోళ్లు రెండు శతాబ్దాలుగా ఎడబాటుతో కుమిలిపోతున్నాయి. వాటికి అడ్డుగా ఉన్నది కేవలం ఇద్దరు మనుషులు! మనుషుల కోసం చరిత్ర ఆగాలా?"

ఆగకూడదని, వెర్లిన్ లోరీనాని పెళ్లి చేసుకోవాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ సమయానికి వెర్లిన్ కాఫీ తెచ్చుకోవడానికి బయటికి వెళ్లాడు.

తీర్మానాన్ని శిరసావహించి ఆయన పువ్వులు పట్టుకుని లోరీనా గుమ్మం ఎక్కాడు.

"పువ్వులా! నా కోసమా, పిస్తోలు కోసమా?" అందావిడ.

"పిస్తోలు కోసమేనండీ," అన్నాడు వెర్లిన్ సిగ్గుపడుతూ. "మీరు కాదన్నా పువ్వులు మాత్రం వెనక్కి తీసుకెళ్లను."

ఆవిడ పకపకా నవ్వింది. "మా ఆయన పోయాక ఈ గుమ్మంలో నిజం చెప్పిన మొదటి మగాడివి నువ్వే. రా, కూర్చో. పొయ్యిలో కాల్చిన ఆపిల్ పై ఉంది, తిందువుగాని."

ఆ ఆపిల్ పై తినడం అయిపోవడానికి నాలుగు నెలలు పట్టింది.

పెళ్లి మా వార్షిక ప్రదర్శనలోనే. పిస్తోళ్లని ముఖమల్ దిండు మీద పెట్టాం. ఫోటోలకి అడ్డమొస్తున్నారని వధూవరుల్ని కొంచెం పక్కకి జరిపాం. పాదిరి ప్రార్థన మొదలుపెట్టేసరికి, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన నిపుణుడొకాయన భూతద్దం తీసి లోరీనా పిస్తోలు మీదికి వంగాడు.

"ఇది పాత నంబరు కాదు. ఈమధ్య ఎవరో కొట్టిన దొంగ నంబరు," అన్నాడు.

లోరీనా ముఖం పాలిపోయింది. "హాలిస్‌ని మోసం చేశారన్నమాట," అంది మెల్లగా. "పిచ్చి మనిషి, దాన్ని చూసుకుని ఎంత మురిసిపోయేవాడో!"

ఆవిడని పలకరించేంత తీరిక మాకు లేకపోయింది. అందరం వెర్లిన్‌ని అభినందించడంలో మునిగిపోయాం.

"గండం గడిచిందయ్యా! ఇంకా సంతకం పెట్టలేదు," అన్నాడు ఆర్విల్ భుజం తట్టి.

వెర్లిన్ ఆ చెయ్యి తీసేశాడు. "పాదిరి గారూ, మీరు కానివ్వండి."

"ఇంకేం చూసుకుని చేసుకుంటున్నావురా?" అన్నాడు ఆర్విల్.

"ఆవిణ్ణి," అన్నాడు వెర్లిన్.

ఈ సమాధానాన్ని సంఘం మినిట్సులో 'అప్రస్తుతం' అని నమోదు చేశాం. సంఘ గౌరవానికి భంగం కలిగించినందుకు ఆయన సభ్యత్వం రద్దు చేశాం. ఆయన తన అసలు పిస్తోలు నాకు అమ్మేసి, భార్యతో సముద్రం చూడ్డానికి పోయాడు. తిరిగొచ్చాక హోటల్లో ఒకే పళ్లెంలో తింటూ, పెద్దగా నవ్వుకుంటూ కనిపిస్తున్నారు. ఇంట్లో ఒక్క అసలైన పిస్తోలు లేదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

నా కష్టం కూడా విన్నవించుకుంటాను. నేను కొన్న 212కి నిజమైన జోడీ కెంటకీలో ఉందని మొన్ననే రూఢి అయింది. అదీ ఒక వితంతువు దగ్గరే. సంఘం అత్యవసరంగా సమావేశమై నాకు ప్రగాఢ సానుభూతి ప్రకటించింది. మా ఆవిడ ఆరోగ్యం దివ్యంగా ఉంది.